గొంగడి కింద అత్తాకోడళ్లం

డెబ్భై ఎనిమిదిలో నాకు కొత్తగా పెళ్లయింది. ఎల్లమాస అమావాస్య నాడు చేనులో అయిదు రాళ్లకు పూజ చేసి, అక్కడే భోంచేయడం మా జహీరాబాద్ వైపు రైతుల ఆనవాయితీ. ఆ ఏడు పూజకు చోటు ఎంచింది నేనే. నీడ బాగుందని, పైకి చూడకుండా తుమ్మచెట్టు కింద రాళ్లు పెట్టాను. ఊదు పొగ లేచి కొమ్మకున్న తేనెతుట్టెకు తగిలింది.

తేనెటీగలు ఒక్కసారిగా మీద పడ్డాయి. మామయ్య, మా ఆయన, మరుదులు చేనుకు అడ్డంపడి పరుగెత్తారు. నేనూ లేవబోతే అత్తమ్మ చెయ్యి పట్టి గుంజి, కింద పరిచిన గొంగడి తీసి ఇద్దరిమీదా కప్పేసింది.

"ఉరికితెనే ఎంటవడ్తయ్. కదలకుండ కూసో" అంది.

చుట్టూ ఒకటే మోత. ఇక నన్ను తిడుతుందనుకున్నాను.

"రొట్టెల గంప మీద బట్ట కప్పినవా?" అని అడిగింది.

"కప్పిన అత్తమ్మా."

తేనెటీగలు పోయాక మగవాళ్లు ఉబ్బిన మొహాలతో తిరిగొచ్చారు. ఆ ఇంట్లో మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లం తినాలి.

"వాళ్లు సున్నం రాసుకుంటరు గని, నువ్వు తిను" అని అత్తమ్మ మొదటి రొట్టె నా చేతిలో పెట్టింది.

ఇప్పటికీ పూజకు చోటు నేనే ఎంచుతాను. కాకపోతే ముందు తలెత్తి చెట్టు చూస్తాను. మొదటి రొట్టె మాత్రం మా కోడలికే పెడతాను.