చల్లబడి రెయిడ్‌కి వెళ్ళమన్న మస్తాన్ సార్

నిన్న పొద్దున గ్రౌండ్‌కి బయలుదేరుతుంటే మా టీమ్ నాగమణి ఫోన్ చేసింది. "సార్ పోయారక్కా" అంది.

ఏ సార్ అని అడిగాను. అడుగుతుండగానే అర్థమైపోయింది.

మా కబడ్డీ కోచ్ మస్తాన్ సార్ ఇక లేరు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

పీఈటీగా రిటైర్ అయ్యాక కూడా నరసరావుపేటలో మా అమ్మాయిల టీమ్‌ని వదల్లేదు. చాలామంది కోచ్‌లు మ్యాచ్ ముందు అందర్నీ ఒకేలా రెచ్చగొడతారు. సార్ అలా కాదు. ముందు మా మొహాలు చూసేవారు.

ఒకసారి మాచర్ల టోర్నమెంట్ ఫైనల్. ఈలలు, డప్పులు. నాకు ఒళ్ళంతా కరెంట్ పాకినట్టుంది. మొదటి రెయిడ్‌లోనే లోపలిదాకా దూసుకెళ్ళి దొరికిపోయాను. మళ్ళీ కోర్టులోకి రాగానే ఇంకా స్పీడ్ పెంచాను. ఎవర్నీ తాకకుండానే కోర్టు అంచున ఉండే లాబీలో కాలు పెట్టి అవుట్.

సార్ టైమౌట్ తీసుకున్నారు. తిడతారనుకున్నాను.

"ఏమే, పొద్దున ఏం తిన్నావ్?"

"ఇడ్లీ సార్."

"చట్నీ ఏంది? నిదానంగా చెప్పు."

చెబుతుంటే ఊపిరి కుదుటపడింది.

"నీకు భయం లేదు. కసి ఎక్కువైంది. కసి ఎక్కువైతే ఎదురుగా ఉన్న మనిషి కూడా కనపడదు. చల్లబడి పో. వాళ్ళ కాళ్ళు చూస్తా ఆడు."

వెంటనే నాగమణి వైపు తిరిగారు. తనది ఎప్పుడూ నిద్రమొహమే.

"నువ్వేందమ్మా, పెళ్ళి భోజనానికి వచ్చినట్టు నిలబడ్డావ్? ఆ రెయిడర్ నిన్ను చూసి నవ్వుతా పోతంది."

నాగమణి మొహం ఎర్రబడింది. తర్వాతి రెయిడ్‌లో ఆ అమ్మాయి చీలమండ పట్టుకుని వదల్లేదు. ఆ పాయింట్‌తో నేను మళ్ళీ కోర్టులోకి వచ్చాను.

ఈసారి నేను వెళ్తే డప్పులు వినిపించలేదు. ఎడమ కార్నర్ అమ్మాయి నా మీదికి రావడానికి బరువు ముందుకాలి మీద వేయడం కనిపించింది. తాకి వెనక్కి వచ్చేశాను.

ఆ ఫైనల్ ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం. బస్సులో అందరం ఏడుస్తుంటే సార్ మాత్రం, "చివర్లో ఆట మీ చేతిలోనే ఉంది. నాకది చాలు" అన్నారు.

నిన్న సార్ ఇంటికి వెళ్తే ఆయన భార్య ఖాసింబీ అమ్మ మా చేతులు పట్టుకుంది. "ఆదివారం గురజాల మ్యాచ్ మానమాకండి. ఆయన ఒప్పుకోరు."

మానం అమ్మా.

ఈ సాయంత్రం ప్రాక్టీస్ ఉంది. టీమ్ అంతా రావాలి. కొత్త పిల్లల్లో ఎవరిని చల్లార్చాలో, ఎవరిని రాజేయాలో ఇక నేనూ నాగమణే చూసుకోవాలి. చూసుకుంటాం.

వెళ్ళిరండి సార్. అల్లా మీకు చల్లని చోటు ఇవ్వాలి.