తుపాకులున్న సినిమా

నేను నక్సలైట్లకూ పోలీసులకూ కాల్పులు జరిగే దోర్నపాల్ ప్రాంతంలో ఉద్యోగం చేసిన రోజుల్లో, సంతలో ఫోన్ మెమరీ కార్డుల్లోకి సినిమాలు ఎక్కించే అక్క ఒకామె ఉండేది. ఏ సినిమా కావాలని ఎవరినీ అడిగేది కాదు. కార్డును అరచేతిలో పెట్టుకొని, "ఇంట్ల ఎవరెవరు చూస్తరు?" అనేది. జవాబు విన్నాకే కంప్యూటర్ వైపు తిరిగేది.

అడవి లోపలి ఊరి నుంచి వచ్చే ఒక ముసలమ్మకు ఎప్పుడూ దయ్యాల సినిమాలే ఇచ్చేది. పాపం ఆమెను భయపెట్టడం దేనికి, నవ్వించేవి ఇవ్వొచ్చు కదా అన్నాను ఒకసారి.

"దయ్యం సినిమా అయితే పిల్లలు, పెద్దలు అందరు దగ్గర దగ్గర కూసుంటరట సారూ. సినిమా అయిపోంగనే దయ్యం పోతది. తుపాకులున్నది మటుకు ఒద్దంటది. అది అయిపోయినా భయం పోదు."

ఫైటింగ్ సినిమాలంటే నాకు చెప్పలేనంత పిచ్చి. తుపాకీ మోత నాకెందుకంత హుషారుగా ఉండేదో అప్పుడర్థమైంది. మా ఊళ్లో అది ఎన్నడూ వినపడలేదు.

నేను బదిలీ అయి వచ్చేసే ముందు ఆ ముసలమ్మ మళ్లీ కనిపించింది. ఊరిదాకా రోడ్డు పడిందని, బస్సులో వచ్చానని చెప్పింది. అక్క అలవాటుగా దయ్యాల సినిమా వెతకబోతుంటే ఆపింది.

"ఈసారి ఫైటింగ్‌ది పెట్టు బిడ్డా. మనుమలు అడుగుతున్నరు."

అక్క ఆమె వైపు తిరిగింది. "తుపాకులుంటయి మరి," అంది మెల్లగా.

"ఉండనీ. ఇప్పుడవి సినిమాలల్లనే ఉంటున్నయి."

అక్క మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగింది. కార్డులో చోటున్నంత వరకూ ఫైటింగ్ సినిమాలే నింపింది.