చూపు లేని చేతికి అందిన బండి

2023, వానలు వెనకపట్టిన రోజులు. నిజామాబాద్‌లో ఆర్మూర్ రోడ్డు మీద నా మెకానిక్ షాపు ముందు ఒక అడ్వెంచర్ బైక్ ఆగింది. రోడ్డు లేని చోటికీ పోగలిగేలా ఎత్తుగా ఉండే బండి అది. రాళ్ళు తగలకుండా ఇంజను కింద బాష్ ప్లేటు అనే రేకు కవచం ఉంటుంది. నడిపిన అమ్మాయి పేరు సునీత. బోధన్ చుట్టుపక్కల చెరుకు తోటలకు డ్రిప్ పైపులు వేయించే ఉద్యోగం, రోజంతా బండ్ల బాటల్లోనే తిరుగుడు. వెనక నుంచి దిగిన తండ్రి సామ్యేలన్న సీటు పట్టుకునే నిలబడ్డాడు. షుగర్ జబ్బు ఆయన చూపు తీసేసింది. వెలుతురు తెలుస్తుంది, అంతే.

"తమ్మీ, ట్రాక్టర్ నడిపినన్ని ఏండ్లు నా బండి నేనే సూసుకున్న. గిప్పుడు బిడ్డ బండి గూడ ఇంట్ల నేనే సూసుకుంట. నా చేతికి అందేటట్టు చేసియ్యి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. బోల్టు ఒకటి వదులైతే పడిపోయేది ఆయన కూతురే. ఆ మాట మొహం మీదే అనేశాను. ఆయనకు కోపం రాలేదు.

"కూసుండబెట్టి అన్నం పెడుతున్నది, నాకేం తక్వ జెయ్యలే. కని పొద్దుగాల బండి తీస్తుంటే నేను సప్పుడు ఇనుకుంట కూసునుడేనా?"

సునీత తల పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. "కాకా, బ్రేకులు, చక్రాలు నువ్వే సూడు. మిగిలింది బాపుకు ఒదిలెయ్యి" అంది. ఆ ఒప్పందం మీద పనికి దిగాను.

ఈ బండ్లతో తంటా ఏమిటంటే, చిన్న పనికి కూడా సగం బండి విప్పాలి. ఇంజన్ ఆయిల్ మార్చాలంటే బాష్ ప్లేటు దించాలి. అందుకని పాత ఆయిల్ బయటికి వదిలే డ్రెయిన్ బోల్టు ఉన్నచోట ప్లేటుకు రంధ్రం కోయించాను. వెనక చక్రం పైకి లేచి చైను తుడవడానికి వీలుగా సెంటర్ స్టాండ్ బిగించాను. ఎయిర్ ఫిల్టర్ మూతకు చేత్తోనే తిప్పి తీసే మరలు పెట్టాను. ఆయిల్ ఎంత ఉందో ఇంజను పక్కనుండే గాజు బిళ్ళలో చూడలేడు కాబట్టి, పోయాల్సినంతే పట్టే డబ్బా ఒకటి ఇచ్చాను. చివరికి టార్క్ రెంచ్ కూడా తెప్పించాను. సరైన బిగువు రాగానే టక్కుమనే పానా అది.

బిగించిన బోల్టు కదిలిందో లేదో తెలియడానికి దాని మీదుగా పసుపు పెయింటుతో గీత పెట్టడం మా అలవాటు. చేతి అలవాటు కొద్దీ అన్నిటికీ పెట్టేశాను. సామ్యేలన్న ఒకదాన్ని తడిమి, "గిదేంది, జిగటగున్నది?" అన్నాడు.

"పసుపు గీత, అన్నా" అన్నాను.

"గీత లోపలికి కొయ్యి, తమ్మీ. గోటికి దొరకాలె" అన్నాడు మెల్లగా.

ఆకురాయితో ప్రతి బోల్టు తల మీదా, దాని పక్కనా ఒకే వరుసలో గీత కోశాను. బోల్టు కదిలితే ఆ రెండు గీతలూ కలవవు. ఆయన ఒక్కొక్కటీ గోటితో వెతికి పట్టుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత సునీత ఒక్కతే వచ్చింది. "కాకా, నిన్న బాపు ఆయిల్ మార్చిండు. నువ్వొకసారి సూడు."

నాకు మనసు చివుక్కుమంది. "బాపుకు తెల్వకుండ వచ్చినవా?"

"ఆయనే తోలిచ్చిండు. 'నా చెయ్యి మీద నాకు నమ్మకం ఉన్నది. అయినా నువ్వు ఎక్కే బండి, ఇంకో చెయ్యి పడాలె' అన్నడు."

అన్నీ పట్టి చూశాను. ఒక్కటీ వదులుగా లేదు. ఫోన్ చేసి సామ్యేలన్నకు ఆ మాటే చెప్పాను. "మల్ల తోలిస్త, మల్ల సూడు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది.

నేను బిగించిన బోల్టు మీద ఇంకొకడు పానా వేస్తే కయ్యానికి పోయేవాణ్ణి. ఇప్పుడు బ్రేకు పని పూర్తవగానే పక్క షాపు మెకానిక్‌ను పిలిచి చూడమంటాను. ఇన్నేళ్ళ పనివాడివి, నీకెందుకింత భయమని అతను ఆటపట్టిస్తాడు. నేను పానా అతని చేతిలో పెడతాను. నా చేతి మీద నాకు నమ్మకమే. కానీ ఏ బండి ఎక్కేదైనా ఎవరో ఒకరి బిడ్డే.