నాలుగు ఇంచుల గుట్టు

మా మామగారు దర్జీ. వీధిలో అందరూ ఆయన్ని గుట్టాయన అంటారు. ముప్పై ఏళ్లుగా ఎవరి నడుము ఎంతో ఆయన నోట బయటపడలేదు. టేపు చుట్టాక అంకె పైకి చదవరు. తల పంకించి, అటు తిరిగి నల్ల అట్ట పుస్తకంలో రాసుకుంటారు. పేరు, ఫోన్ నంబరు, ఛాతీ, నడుము.

అలాంటి మనిషికి కోడలిగా నేను దొరికాను. గిరాకీ పెంచుతానని షాపు పేరుతో నెట్‌లో ఒక పేజీ తెరిచాను. పాత పుస్తకం ముచ్చటగా ఉందని రెండు పేజీలు ఫోటో తీసి పెట్టేశాను. ఇరవైమంది ఆడవాళ్లు, వాళ్ల నంబర్లతో సహా. సాయంత్రానికి రెండొందల లైకులు వచ్చాయి. అవి నా ఫోటో పనితనానికే అనుకున్నాను.

పొద్దున్నే పంతులమ్మ వచ్చి దులిపేసింది.

"మా ఒళ్లు కొలిచి ఊరందరికీ చూపిస్తారా?"

ఫోటో వెంటనే తీసేశాను. ఏం లాభం? ఎదురుగా కొత్తగా పెట్టిన దర్జీ షాపువాడు అప్పటికే దాచుకున్నాడు. అందరికీ ఫోన్లు చేశాడు. "మీ కొలతలు మా దగ్గరున్నాయి మేడమ్, మీరు రానక్కర్లేదు, గుడ్డ పంపండి చాలు." మా మీద కోపంతో అందరూ పంపారు. మా మిషను చప్పుడు ఆగింది. ముప్పై ఏళ్ల షాపు నా వల్ల మూతపడేలా ఉంది. నాకు అన్నం సయించలేదు. మామగారు మాత్రం గుండీలు ఏరుకుంటూ ఈల వేస్తున్నారు.

పదో రోజు పంతులమ్మ ఎదురు షాపులో కుట్టించిన కొత్త జాకెట్టు సంచిలో తెచ్చింది.

"దీన్ని కాస్త వదులు చేస్తారా?"

"మీ కొలతల ప్రకారమే కుట్టినట్టున్నారే," అన్నారు మామగారు అమాయకంగా.

ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి గోడ గడియారం చూసింది. కొలత తప్పని అనాలంటే అసలు అంకె చెప్పాలి మరి. చీకటి పడేలోగా ఇంకో పదమూడు జాకెట్లు వచ్చాయి.

"ఏం చేశారు మామయ్యా?"

"నడుము ఎప్పుడూ నాలుగు ఇంచులు తక్కువే రాస్తానమ్మా. కత్తిరించేటప్పుడు కలుపుకుంటాను. పుస్తకం ఏదో ఒకరోజు పరాయివాళ్ల చేతిలో పడుతుందని భయం. ఇంటి కోడలే పడేస్తుందని మాత్రం అనుకోలేదు."

పకపకా నవ్వాను. ఉన్నట్టుండి ఏదో తట్టి పుస్తకంలో నా పేజీ తీశాను. నడుము, ఇరవై ఎనిమిది. ఏడాదిగా నేను చూసుకుని మురిసిపోతున్న అంకె.

"నాది కూడానా మామయ్యా?"

ఆయన టేపు మెడలో వేసుకుని మిషను ముందు కూర్చున్నారు.

"ఎవరి కొలతలూ నేను బయటపెట్టనమ్మా."