సౌజు క్వీన్ పోనంటున్నది

మొన్న సోమవారం నా జీవితంలో మొదటి క్లాసు చెప్పిన. హాలు దద్దరిల్లేలా చప్పట్లు! మా మేడం వచ్చి చేయి కలిపింది. మరి ఆ ఏడుపు మొహం ఏందే అంటరా? చెప్తా, మీ చాయ్ తాగుతూ వినండి.

నాకు డిగ్రీ లేదని మీకు తెలుసు కదా. ఇంటర్ తర్వాత నా చదువంతా ఫోన్‌లోనే. టైపింగ్, ఎడిటింగ్, ఆఖరికి ఇంగ్లిష్ కూడా వీడియోలు చూసే నేర్చుకున్న. ఏదీ పూర్తిగా నేర్చుకోను, దేన్నీ వదలను. అట్లాంటి నన్ను కొత్తగూడెంలో ఒక చిన్న సంస్థ ట్రైనర్‌గా తీసుకుంది. ఊరూరు తిరిగి పొదుపు సంఘాల ఆడోళ్లకు ఫోన్ జాగ్రత్తగా వాడుడు ఎట్లనో చెప్పాలె. బీటెక్ చదివినోళ్లను కాదని నన్ను తీసుకున్నందుకు ఆఫీసులో మా మేడం మీద గుసగుసలు కూడా నడిచినయ్. మొదటి క్లాసు మంచిగ జరిగితేనే ఉద్యోగం పక్కా. లేదంటే నేనూ పోత, మేడం మాటా పోతది.

మేడం ఒక పని చెప్పింది. "సౌజన్యా, పాఠం చెప్పే ముందు నీ పేరు నువ్వే ఒకసారి వెతుక్కో. నెట్‌లో నీ గురించి ఏం దొరుకుతదో చూసుకో."

"నా గురించి ఏం దొరుకుతది మేడం!" అని నవ్విన.

దొరికింది! 'సౌజు క్వీన్' అని ఒక అకౌంట్. పద్దెనిమిదేళ్ల నేను. ఒంటి మీద మా అత్త పట్టుచీర, కళ్లకు మా అన్న నల్ల కళ్లద్దాలు. ట్రాలీ నిండా పామాయిల్ గెలలు, వాటి మీద కూర్చొని ఒకటే ఏడుపు. మధ్యమధ్యలో కళ్లద్దాలు పైకెత్తి కన్నీళ్లు తుడుచుకొని, "నన్ను మోసం చేసినోడా, నువ్వు చల్లగుండు! కానీ నా కన్నీళ్లు ఊరికే పోవు!" అని గుండె మీద కొట్టుకుంటున్న.

ఒట్టు, నన్ను ఎవ్వడూ మోసం చెయ్యలే. అసలు అప్పటికి ఏ పిల్లగాడూ నాతో సరిగ్గ మాట్లాడనే లేదు. యాక్టింగ్ పిచ్చి, అంతే. ఆ కన్నీళ్లు ఉల్లిగడ్డవి.

అదొక్కటైతే సరే అనుకుందును. కింద నా పుట్టినరోజు, ఊరు పేరు, ఇంటి ముందు దిగిన ఫొటోలు. అన్నిటికంటే పైన, 'ఆల్బమ్ సాంగ్స్‌లో ఛాన్స్ ఉంటే కాల్ చేయండి' అని నా ఫోన్ నంబరు! సొంత వివరాలు నెట్‌లో పెట్టొద్దని ఊళ్లకు చెప్పబోయే మేడం ఎవరయ్యా అంటే నేనే.

డిలీట్ కొట్టేద్దామంటే పాస్‌వర్డ్ గుర్తు లేదు. మర్చిపోయిన అని నొక్కితే, మీ నంబర్‌కి ఓటీపీ పంపినం అన్నది. ఏ నంబర్? ఆ పాత నంబరే. అడవి అంచున ఉన్న మా ఊర్లో ఆ సిమ్‌కి సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంకు మెట్లెక్కాలె. విసుగొచ్చి రీచార్జి మానేసిన, బంద్ అయింది, వేరే సిమ్ తీసుకున్న. బంద్ అయిన నంబర్‌ని కంపెనీ ఇంకొకరికి ఇస్తదని విన్న. చూద్దామని ఆ నంబర్‌కి కొట్టిన. రింగైంది!

"హలో, ఎవరూ?" ఆడ గొంతు. వెనుక పెనం మీద దోసె చుయ్యిమన్న చప్పుడు.

"నమస్తే అక్కా. మీ ఫోన్‌కి ఆరంకెలు వచ్చి ఉంటయ్. అవి కొంచెం చెప్తరా?"

"నీ నోట్ల మన్ను వడ! ఆడపిల్లవై పుట్టి గిదేం పనే? ఇంకెవ్వరూ దొరకలేదా నీకు? దోసెలు పోసుకునేదాని పైసలే కావాల్నా?"

పెట్టేసింది. మళ్లీ కొడితే బ్లాక్! తప్పు ఆమెది కాదు. నా పాఠంలో దొంగలు ఎట్ల మాట్లాడతరో, నేను అచ్చం అట్లనే మాట్లాడిన.

ఆఫీసులో మా రజిత ఫోన్ తీసుకొని, ఆమె హలో అనంగనే ఒకటే గుక్కలో చెప్పేసిన. "అక్కా పెట్టెయ్యకు, నేను సౌజు క్వీన్‌ని, ఇది నా పాత నంబరు, ఆ అకౌంట్ తీసెయ్యడానికే ఆ అంకెలు అడిగిన!"

అటు పక్క పొయ్యి బంద్ చేసిన చప్పుడు. తర్వాత మెల్లగ అడిగింది. "ట్రాలీ మీద ఏడ్చే పిల్లవా?"

"అవ్ అక్కా."

"ఎక్కడ సచ్చినవే ఇన్నాళ్లు! నీకోసమే చూస్తున్న. అశ్వారావుపేట రా. పామాయిల్ మిల్లు కాడ సరోజన టిఫిన్ బండి అంటే ఎవరన్నా చెప్తరు. నీ మొహం చూస్తే గానీ ఓటీపీ చెప్ప."

మరునాడు పొద్దున్నే బస్సెక్కిన. మిల్లు ముందు గెలల ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నయ్, డ్రైవర్లంతా సరోజనక్క బండి చుట్టూ నిలబడి తింటున్నరు. ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"నువ్వు ఆ పిల్లవు కాదు. ఆ పిల్ల బొద్దుగుంటది."

"అప్పుడు మా అమ్మ వంట అక్కా. ఇప్పుడు కిరాయి రూములో నా వంట."

"ఏమో, నాకు నమ్మకం లేదు. ఏది, ఏడ్చి చూపియ్యి."

"ఇక్కడనా?"

"మరి స్టేజీ కట్టియ్యాల్నా?"

చుట్టూ చూసిన. ఇడ్లీ నోటి దాకా పోయిన చేతులన్నీ ఆగిపోయినయ్. గొంతు సవరించుకొని మెల్లగ మొదలుపెట్టిన.

"వినపడుతలేదమ్మా!" అన్నడు ఒక పెద్దాయన.

ఇంక సిగ్గు తీసి చెట్టు మీద పెట్టిన. గుండె మీద గట్టిగ కొట్టుకొని, "నన్ను మోసం చేసినోడా!" అని అరిచిన. ఈసారి ఉల్లిగడ్డ అక్కర్లేదు, నా బతుక్కి ఏడుపు దానంతట అదే వచ్చింది. ఒకడు ఫోన్ తీసి వీడియో పట్టబోయిండు. సరోజనక్క గరిటె ఎత్తింది. "లోపల పెట్టు దాన్ని! ఉన్నది పోతలేదని ఈ పిల్ల ఏడుస్తుంటే, నువ్వింకోటి తీస్తవా?"

అప్పుడు నన్ను స్టూల్ మీద కూర్చోబెట్టి తన గోస చెప్పింది. గ్యాసు, బ్యాంకు, టిఫిన్ ఆర్డర్లు అన్నీ ఆ నంబర్ మీదనే ఉన్నయంట. మార్చుకుందామంటే కుదరదు. "రోజూ ఎవడో ఒకడు నీ వీడియో చూసి నాకు కాల్ చేస్తడు పిల్లా. ఎవరీ సౌజు అని వెతికితే నాకూ ఆ వీడియోనే దొరికింది. 'సౌజూ, వాణ్ని మర్చిపో, నీకు నేనున్న' అంటడు. మొదట్ల మా ఆయన అనుమానపడి అన్నం ముట్టలే. ఇప్పుడు ఆయనే ఎత్తుతడు. 'ఆమెకు పెళ్లైంది తమ్మీ, ఇద్దరు పిల్లలు, నీ పని నువ్వు చూస్కో' అంటడు."

నవ్వొచ్చింది. వెంటనే మొహం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. నేను సరదాకి రాసిన నంబరు, నేనెరగని మనిషి ఇంట్ల తిండి లేకుండ చేసింది. ఈ అకౌంట్ పోవాల్సింది నా ఉద్యోగం కోసమే కాదని అప్పుడు అర్థమైంది.

ఆమె ఓటీపీ చెప్పింది, నేను కొత్త పాస్‌వర్డ్ పెట్టి లోపలికి పోయిన, డిలీట్ నొక్కిన. ఆ యాప్ బతిమాలుడు చూడాలె! నిజంగ పోతున్నరా? కొన్నాళ్లు దాచిపెట్టమంటరా? మీ స్నేహితులు బాధపడతరు! అన్నిటికీ పోత, పోత అని నొక్కుకుంటూ పోతే ఆఖర్ల అసలు మాట చెప్పింది. నెల రోజులు ఆగాలంట. ఈలోపు లాగిన్ అయితే డిలీట్ రద్దంట.

"దాని జోలికి పోకు," అన్నది సరోజనక్క, నా ప్లేట్ల ఇంకో దోసె వేసుకుంట.

"నేనెందుకు పోత అక్కా!"

ఆదివారం పోయిన. ఏం చెయ్యను, చెయ్యి ఊరుకోదు. నిజంగ పోయిందా, ఇంకా కనపడుతుందా, ఒక్కసారి చూద్దామని యాప్ తెరిచిన. ఫోన్‌కి పాస్‌వర్డ్ గుర్తుంది, టకీమని లోపలికి తీస్కపోయింది. 'తిరిగి స్వాగతం, సౌజు క్వీన్!'

మళ్లీ డిలీట్ కొడితే మళ్లీ కోడ్ కావాలంట. పోనీ నంబరన్నా తీసేద్దాం, మారుద్దాం అంటే, దానికీ కోడ్ పాత నంబర్‌కే! నాలుగైదు సార్లు కొట్టేసరికి రేపు రండి అని తలుపేసింది. సరోజనక్కకు చేసిన.

"ముట్టుకున్నవా?" అన్నది, నేను నోరు తెరవకముందే.

"ముట్టుకున్న."

ఆమె తిట్టినవి ఇక్కడ చెప్పలేను. కానీ పాపం, సరే అన్నది. సోమవారం క్లాసుకు పోతూ పోతూ కోడ్ కోసం నొక్కి, "రాంగనే కాల్ చెయ్ అక్కా, జల్దీ చెప్పకపోతే పనికిరాదు" అని బతిమాలిన. ఎంతకీ కాల్ రాలే. క్లాసు మొదలుపెట్టిన.

దమ్మపేట దగ్గర ఒక ఊరి హాలు. వెనక కుర్చీల మేడం. సగం క్లాసు అయినంక నా ప్లాన్ ఏందంటే, ఆఫీసు నుంచి రజిత దొంగలెక్క కాల్ చేసి ఓటీపీ అడగాలె. ముందు వరసల కూర్చున్న ముత్తమ్మకు నా ఫోన్ ఇచ్చి, స్పీకర్ ఎట్ల పెట్టాల్నో చూపించిన.

"ఓటీపీ అన్న మాట వినపడంగనే ఏం చేస్తవ్ ముత్తమ్మా?"

"తిడత."

"తిట్టి?"

"పెట్టేస్త."

ఫోన్ మోగింది. ముత్తమ్మ ఎత్తింది. హాలంతా వినపడేటట్టు సరోజనక్క గొంతు! "ఆ పిల్లా, ఓటీపీ వచ్చింది, జల్దీ..."

"దొంగసచ్చినదానా!" అని లేచింది ముత్తమ్మ. "ఓటీపీ అంటవా? మేం ఏం తెల్వనోళ్లమనుకున్నవా?"

"ఎవతివే నువ్వు? సౌజు ఏది?"

"సౌజు లేదు, గీజు లేదు! పోలీసోళ్లకు పట్టిస్త నిన్ను!"

నేను "ఆగు ముత్తమ్మా, ఆగు!" అని ఉరికేసరికే పెట్టేసింది. నేను పాఠం చెప్పినట్టే చేసింది, ఆమెనేం అంటం? అందరూ లేచి చప్పట్లు. మేడం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "అబ్బ, ఆ దొంగామె ఎంత నేచురల్‌గ చేసింది! మన రజిత గొంతు కాదే, ఎవరామె?"

"బయట ఆర్టిస్టు మేడం."

బయటికి ఉరికొచ్చి సరోజనక్కకు చేసిన. "ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దంట పిల్లా. పోలీసులకు పట్టిస్తరంట," అన్నది చల్లగ. ఆ తిట్టినామెను వెంటబెట్టుకొని అశ్వారావుపేట వస్తేనే ఇంక మాట్లాడతదంట.

ఉద్యోగమైతే పక్కా అయింది. ఆ సంతోషంలో మేడం తర్వాతి క్లాసు కూడా నాకే ఇచ్చింది. టాపిక్ ఏందంటే, పాత అకౌంట్లను శాశ్వతంగా తీసెయ్యడం ఎట్లా. క్లాసు గురువారం. మీలో ఎవరికన్నా తెలిస్తే బుధవారంలోపు నాకు కొంచెం నేర్పండి.