పాస్టరు గారి ఇంటికి జామీను

1961లో నన్ను బెంగళూరులో మా సహకార బ్యాంకు చిక్కపేట కార్యాలయంలో తనఖా రుణాల విభాగానికి మార్చారు. హోదా ఇన్‌స్పెక్టర్. పేరు పెద్దదే గాని పనంతా తిరుగుడు. ఇల్లు కట్టుకోవడానికి అప్పు కోరినవాళ్ళ స్థలం చూసి రావాలి. ఆ స్థలం మీద పాత అప్పులేమైనా ఉన్నాయేమో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించాలి. మనిషి రాబడి ఎంతో, నడవడి ఎలాంటిదో విచారించాలి. నా నివేదికను మేనేజరు చూసి లోన్ కమిటీ ముందు పెట్టేవారు. కమిటీలో ఉన్న డైరెక్టర్లంతా పేటల్లోని వ్యాపారులే.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక దేవదానం గారి దరఖాస్తు నాకు అప్పగించారు. ఆయన కంటోన్మెంటు వైపు ఒక తెలుగు క్రైస్తవ సంఘానికి పాస్టరు. గుంటూరు జిల్లా మనిషి, యాభైకి దగ్గరపడ్డారు. లింగరాజపురంలో చిన్న స్థలం కొన్నారు. అప్పట్లో అటువైపు రాగి చేలే ఎక్కువ, మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్ళు ఉండేవి. పత్రాలు శుభ్రంగా ఉన్నాయి. చిక్కంతా రాబడి దగ్గర వచ్చింది.

మా నియమం ప్రకారం అప్పు తీసుకునేవారికి నెలజీతం ఉండాలి. జీతం ఇచ్చేవారు ఆ సంగతి రాసివ్వాలి. నెలజీతం ఉన్నవాళ్ళు ఇద్దరు జామీను నిలబడాలి, అంటే అతను కట్టకపోతే మేం కడతామని సంతకం చేయాలి. దరఖాస్తుదారుడికి ముందుగా చెప్పకుండా విచారించడం మా పద్ధతి. చెబితే అతను అందరినీ సిద్ధం చేసి పెట్టుకుంటాడని బ్యాంకు భయం.

ఆ పద్ధతి ప్రకారమే నేను నేరుగా సంఘం కోశాధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మిల్లులో గుమాస్తా, మర్యాదస్తుడు. సంగతి వినగానే ముఖం మారింది.

“అయ్యగారికి మేమిచ్చేది జీతం కాదండీ, గౌరవ వేతనం. జీతమని రాసిస్తే ఆయన మా నౌకరు అయిపోతారు,” అన్నాడు. వెంటనే, “ఉండడానికి బంగళా ఇచ్చాం గదా. మళ్ళీ ఇల్లెందుకట?” అని అడిగాడు.

 బంగళా ఉచితమన్న లెక్కతోనే ఆ వేతనాన్ని తక్కువగా పెట్టారు. పదవి పోయిన రోజున బంగళా కూడా పోతుంది. కనుక పాస్టరుకు ఇల్లిచ్చిన ఏర్పాటే బ్యాంకు దృష్టిలో ఆయనను పేదవాణ్ణి చేసింది.

తరవాతి వారం దేవదానం గారే మా ఆఫీసుకు వచ్చారు. తెల్లటి కోటు, చేతిలో గొడుగు. కోపంగా లేరు. కూర్చోమంటే కూర్చుని, మెల్లగా చెప్పారు.

“మీరు మావాళ్ళను అడిగారు. అడగవలసిందే, అది మీ పని. కాని మొన్న ఆదివారం ముందు వరసలో కూర్చున్నవాళ్ళు నా ప్రసంగం వినలేదండీ. స్థలం కొనడానికి డబ్బు ఎక్కడిదా అని నా ముఖంలో వెతుకుతున్నారు.”

జామీనుకు సంఘంలో ఎవరైనా దొరుకుతారా అని అడిగాను. రైల్వేలో, టెలిఫోన్సులో పనిచేసేవాళ్ళు ఆ సంఘంలో చాలామంది ఉన్నారు. ఆయన తల అడ్డంగా ఊపారు. “అడిగితే కాదనలేరు, అదే ఇబ్బంది. రేపు అతని ఇంట్లో తాగుడో, తగవో వస్తే నేను వెళ్ళి తప్పు చెప్పాలి. నా అప్పుకు సంతకం పెట్టినవాడి ముందు నాకు నోరెలా వస్తుంది?”

ఆయన మాటలో న్యాయం ఉంది. కాని ఆ న్యాయాన్ని రాయడానికి మా నివేదికలో చోటు లేదు. జీతం లేదు, జామీను లేదు అని రాసి పైకి పంపితే నా పని అయిపోయేది. మేనేజరుతో మాట్లాడితే, మనిషిని చూశావు, ఇల్లు చూశావా అన్నారు. మర్నాడు సాయంత్రం సైకిల్ మీద బంగళాకు వెళ్ళాను.

తలుపు తీసింది ఆయన భార్య మార్తమ్మ గారు. అప్పుడే డ్యూటీ దిగివచ్చినట్టున్నారు, ఒంటిమీద నర్సుల తెల్ల చీర. ప్రభుత్వాసుపత్రిలో చాలా ఏళ్ళుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నారట. స్థలం కొన్నది కూడా ఆమె దాచిన డబ్బుతోనే. దరఖాస్తులో ఆ మాటే లేదు. అప్పట్లో మా ఫారంలో దరఖాస్తుదారుడి సంపాదనకే గడి ఉండేది. భార్య సంపాదన అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇల్లు ఇప్పుడే ఎందుకని ఆమెను అడిగాను. కాఫీ గ్లాసు నా ముందు పెట్టి చెప్పారు.

“మా ముందున్న అయ్యగారు పోయాక ఆయన భార్యను ఖాళీ చెయ్యమన్నారండీ. సంఘాన్ని తప్పు పట్టలేం, కొత్త పాస్టరుకు ఇల్లు కావాలి గదా. ఆ కొత్త పాస్టరు ఈయనే. ఆవిడ సామాను నేనే దగ్గరుండి కట్టించాను. రోలు మొయ్యలేక ఇక్కడే వదిలేసి వెళ్ళింది. ఇప్పుడు ఆ రోట్లోనే నేను పచ్చడి నూరుతున్నాను.”

దేవదానం గారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. అటే చూస్తూ, “ఈమె జీతం మీద ఇల్లు కట్టుకున్నాడంటారు,” అన్నారు.

“అంటారు, అననివ్వండి,” అన్నారామె. “వానొస్తే తడిసేది వాళ్ళు కాదుగా.”

ఆ తరవాత పని వేగంగా సాగింది. స్థలం భర్త పేర ఉంది కనుక తనఖా ఆయన పెట్టాలి. అప్పు ఇద్దరి పేరా ఉంటుంది. ఆసుపత్రి ఆఫీసు ఆమె జీతంలోంచి నెలనెలా అప్పు కంతు కోసి నేరుగా బ్యాంకుకు పంపుతుంది. ఇలా కోత ఏర్పాటు ఉంటే ఒక్క జామీను చాలని మా నిబంధనల్లో ఉంది. ఆమెతో పనిచేసే మరో నర్సు ఒప్పుకుంది. ఆమె ఆ సంఘం మనిషి కాదు.

కమిటీలో అభ్యంతరం పెట్టింది రంగయ్యశెట్టి గారు. పట్టు వ్యాపారి, మాలాగే తరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువారు. ఆయనకు పాస్టరు మీద ద్వేషం లేదు, భయమంతా బ్యాంకు గురించే.

“మొగుడు దేవుని పని చేస్తా ఉండాడు. ఆయమ్మ ఆస్పత్రిలో చేస్తా ఉండాది. రేపు ఆయమ్మకే జబ్బు చేసి కంతు నిలిచిపోతే, అట్లాంటాయన్ని ఈదిలోకి దించేది ఎవురప్పా? నేనైతే దించను. నువ్వు దించుతావా?” అని నన్నే అడిగారు.

ఇన్‌స్పెక్టరు కమిటీలో అడిగితేనే మాట్లాడాలి. అడిగారు కనుక చెప్పాను. ఉద్యోగధర్మం ప్రకారం దించవలసి వస్తే దించుతానని, కాని ఆ ఇల్లాలు ఒకసారి అలా వెళ్ళగొట్టబడ్డ మనిషి సామాను తన చేతులతో కట్టించిందని, రెండోసారి ఆ పని తన ఇంట్లో జరగనివ్వదని నా నమ్మకమని అన్నాను. రోలు సంగతి కూడా చెప్పాను.

శెట్టి గారు చేతిలో కాగితం పక్కన పెట్టారు. “రోలు ఇడిసిపెట్టి పోయినామె ఇప్పుడు యాడుండాది?” అని అడిగారు. ఒక బడి హాస్టల్లో వంట చేస్తూ అక్కడే ఉంటున్నారని మార్తమ్మ గారు చెప్పింది చెప్పాను.

“తగ్గించి ఇయ్యండప్పా. రెండు రూములకు చాలినంత ఇయ్యండి,” అన్నారాయన. మిగిలినవాళ్ళు సంతకాలు చేశారు.

కాంక్రీటు కప్పు అనుకున్నది పెంకుల కప్పయింది. అప్పు మంజూరయ్యాక వచ్చిన ఆదివారం దేవదానం గారు ప్రసంగానికి ముందే సంఘంతో ఆ సంగతి తానే చెప్పారట. ఎవరి జీతంతో తీరుస్తున్నారో కూడా దాచలేదట. కోశాధికారే నాతో అన్నాడు. వేతనాన్ని జీతమని మాత్రం ఆయన ఎన్నడూ రాసివ్వలేదు.

కొన్నేళ్ళకు పాస్టరు గారిని కోలారు వైపు బదిలీ చేశారు. మార్తమ్మ గారు ఉద్యోగం కోసం లింగరాజపురంలోనే ఉండిపోయారు. పాస్టరు భార్య తమ సంఘంలో లేకపోవడం ఏమిటని కోలారులో కొందరు సణిగారు. ఆ మధ్యలో ఆమెకు ఆపరేషను జరిగి, సెలవు పెట్టి, జీతం తెగి, కంతులు నిలిచాయి కూడా. శెట్టి గారు భయపడ్డదే జరిగింది. ఆయనే కమిటీలో గడువు పొడిగించమని మొదట చెయ్యెత్తారు. ఆమె తిరిగి డ్యూటీలో చేరాక బాకీ తీరింది. దేవదానం గారు రిటైరై ఆ ఇంటికే వచ్చారు.

ఆ వ్యవహారం తరవాత మా విభాగంలో రెండు మార్పులు జరిగాయి. మేనేజరు ఫారంలో భార్య రాబడికి ఒక గడి చేర్పించారు. పదిమంది నమ్మకం మీద బతికే పనుల్లో ఉన్నవాళ్ళ విషయంలో, బయట విచారించే ముందు దరఖాస్తుదారుడి ఇంటికి వెళ్ళాలని నాకు నోటిమాటగా చెప్పారు. తరవాత నా చేతికింద చేరిన కొత్తవాళ్ళకు నేనూ అదే నేర్పాను. విచారణకు వెళ్ళినవాడు ప్రశ్న అడిగి వస్తున్నాననుకుంటాడు. విన్నవాడికి మాత్రం అది ప్రశ్న కాదు, ఒక మనిషి గురించి బ్యాంకు మోసుకొచ్చిన వార్త.