గవరమ్మ కాలు, డాల్ఫిన్ తోక

ఎదురుకాళ్ళతో పుట్టినవారు తంతే పట్టేసిన నడుము వదులుతుందన్న నమ్మకం శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్‌కు ఓడలో వచ్చిన సామాన్లలో ఒకటి. దాన్ని ఏ అధికారీ తనిఖీ చేయలేదు. 1960ల్లో ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర చేపలమ్మే గవరమ్మకు ఆ నమ్మకమే హోదా. ఆమె పుట్టినప్పుడు కాళ్ళు ముందొచ్చాయి, తల్లి బతకలేదు. తల్లిని తన్ని పుట్టిందని దూరం పెట్టిన ఊరే, నడుము పట్టినప్పుడల్లా ఆ పాదాన్ని వెతుక్కుంటూ వచ్చింది.

ద్వీపంలోనూ అంతే. బేరమాడేటప్పుడు ఆమె మొహమైనా చూడని గుమాస్తాలు డాలీగంజ్ నుంచి వచ్చి ఆమె ముందు బోర్లా పడుకునేవారు. కుడికాలితో మూడు తన్నులు. ప్రతిఫలం పుచ్చుకునేది కాదు. వాళ్ళు పడుకుని ఉండటం, తాను నిలబడి ఉండటం, ఆమెకు ఆ అమరిక చాలు. నొప్పి తగ్గేదా అంటే, కొందరికి తగ్గేది. అంతకన్నా తక్కువ ఆధారంతో నిలబడ్డ తత్త్వాలు చాలానే ఉన్నాయి.

సైన్సు మేస్టారు సుబ్బరామయ్యకు నడుము పట్టింది. తన్నును ఆయన నమ్మాడు. చేపలమ్మే మనిషి ముందు పడుకోవడాన్నే ఒప్పుకోలేకపోయాడు. అందుకని శాస్త్రాన్ని ఆశ్రయించాడు.

“డాల్ఫిన్ చేప కాదు నూకయ్యా,” అన్నాడు పడవ నడిపే నూకయ్యతో, గవరమ్మ వింటుండగానే. “గాలి పీలుస్తుంది, పిల్లకు పాలిస్తుంది, ఒంట్లో వేడి నెత్తురు. తిమింగలం, డాల్ఫిన్, దాన్ని పోలిన మొద్దుమూతి పార్పాయిస్, అన్నీ ఒకే వంశం. ఆ వంశంలో పిల్ల సాధారణంగా తోక ముందుగా పుడుతుంది. అంటే వంశమంతా ఎదురుకాళ్ళే!”

నూకయ్య ఆలోచించాడు. “అయితే తిమింగలం చేత తన్నించుకుంటే జల్దీ తగ్గిపోద్దేటి మేస్టారూ?”

“తిమింగలం తంతే నొప్పీ ఉండదు, నడుమూ ఉండదు. డాల్ఫిన్ చాలు.”

ఆ వారం గవరమ్మ ముందు ఎవరూ పడుకోలేదు. నడుము వంగిన ముగ్గురు నూకయ్య పడవ ఎప్పుడు కదులుతుందని వాకబు చేశారు. సముద్రం నిండా తన్నేవాళ్ళుంటే తన కాలిని ఎవరు అడుగుతారు? ఆమె తట్ట దింపి మేస్టారికి అడ్డంగా నిలబడింది.

“కాళ్ళే నేని జంతువు ఎదురుకాళ్ళతో ఎలాగ పుడతాది బాబూ?”

“ఉన్నాయమ్మా. వీటి పూర్వులు నేల మీద నడిచినవే. వెనక కాళ్ళు పోయి, ఒంటి లోపల రెండు చిన్న ఎముకలు మిగిలాయి.”

“లోపలున్న కాల్తో బయటున్న మిమ్మల్నెలాగ తంతాది?”

“తోకతో.”

“తోక రేకుల్లో ఎముకుందా?”

సుబ్బరామయ్య నిజాయితీపరుడు. “లేదు,” అన్నాడు.

“అయితే అది తన్ను కాదు. ఇసనకర్రతో ఇసరడం.”

జెట్టీ అంతా నవ్వింది. ఆ నవ్వు తరువాత ఆయనకు సముద్రంలోకి వెళ్ళక తప్పలేదు.

ఆదివారం ఉదయం నూకయ్య పడవ దగ్గరకు డాల్ఫిన్లు వచ్చాయి. మేస్టారు చొక్కా విప్పి, పడవ అంచుమీద బోర్లా వాలి, నడుమును వాటికి సమర్పించాడు. అవి పడవ ముందు ఆడుకున్నాయి. ఒకటి దగ్గరకొచ్చి, నడినెత్తిన ఉన్న ముక్కుతో ఆయన మొహం మీదికి బుస్సుమని ఊపిరి వదిలి వెళ్ళిపోయింది. ఏదీ తన్నలేదు. అరగంటలో నడుము పూర్తిగా బిగుసుకుంది. కూలీలు ఆయన్ను వాలినవాడిని వాలినట్టే దించి, జెట్టీ చెక్కల మీద పెట్టారు. ఏ భంగిమను తప్పించుకోవడానికి వెళ్ళాడో ఆ భంగిమలోనే తిరిగివచ్చాడు.

“దీదీ, పక్కాగా తన్నేయ్!” అని అరిచాడు నూకయ్య.

గవరమ్మ తొందరపడలేదు. “ముందు సెప్పండి మేస్టారూ. నాదేటి?”

“కాలు.”

“దానిది?”

“తోకమ్మా, తోక.”

మూడు తన్నులు పడ్డాయి. ఆయన లేచాడు; పూర్తిగా కాదు, ఇంటికి నడిచి వెళ్ళేటంత. జనం చెదిరారు. గెలిచిన గవరమ్మ మాత్రం తట్ట ఎత్తుకోలేదు.

“ఒక్క మాట బాబూ. ఆటికి తల ముందొస్తే ఏటవుతాది?”

“కాన్పు ఆలస్యమైతే పిల్లకు ఊపిరాడదంటారు. నీళ్ళలో తోక ముందు రావడమే పద్ధతి.”

“మరి తల్లి?”

“బతుకుతుంది. పిల్లను పైకి తోసి, పాలిస్తుంది.”

గవరమ్మ నీళ్ళకేసి తిరిగింది.

“అయితే నాను ఎదురు పుట్టలేదు,” అంది. “సోటు తప్పి పుట్టేను.”

తట్ట నెత్తికెత్తుకుని, మిగిలిన చేపలు అమ్మడానికి వెళ్ళింది.